రేవు నుంచి లైను దాకా: గోదావరి డెల్టా కథనాల్లో లారీ డ్రైవరు

వ్యాససంగ్రహం: గోదావరి డెల్టాను చిత్రించిన కథనాల్లో పడవ నడిపే మనిషి ఆత్మీయుడయ్యాడు. లారీ నడిపే మనిషి మాత్రం దుర్మార్గుడిగానో, కథానాయకుడి వేషంగానో కనిపించాడు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ రచించగా బాపు తీసిన 'సాక్షి' (1967) ఈ విభజనకు స్పష్టమైన తొలి రూపాలలో ఒకటి. ఆ చిత్రంలోని బల్లకట్టు, లారీల వైరుధ్యాన్ని, దూరప్రయాణ డ్రైవరు వృత్తిలోని కాలానుభవాన్ని, బండి మీది రాతలను, 2023 నాటి శిక్షాస్మృతి డ్రైవరు మీద మోపిన సాక్ష్యభారాన్ని కలిపి చదివే ప్రయత్నం ఈ వ్యాసం.

కీలకపదాలు: ధవళేశ్వరం, సాక్షి, బల్లకట్టు, లారీ డ్రైవరు, నిరీక్షణ, లారీ రాతలు, శ్రమ కథనం.

1. లాకులు, రేవు, లైను

ధవళేశ్వరం పేరు వినగానే తెలుగు పాఠకుడికి తోచేది ఆనకట్ట. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టడం చుట్టూ ఆర్థర్ కాటన్ పేరుతో ఒక కృతజ్ఞతా వాఙ్మయమే పెరిగింది. అది దాదాపు పూర్తిగా సాగునీటి కథ. కాలువలను పంటకోసమే కాక ప్రయాణం కోసం కూడా తవ్వారన్న సంగతి అందులో పక్కకు జరిగింది. ధవళేశ్వరం లాకుల దగ్గర బయలుదేరే తూర్పు డెల్టా కాలువల్లోనూ, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాలోకి, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాలోకి సాగే కాలువల్లోనూ ధాన్యం, కొబ్బరి, కలప, మనుషులు పడవల మీదనే తిరిగిన కాలం ఒకటుంది. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకుంటే గట్టు మీద తాడు పట్టి లాగే మనుషులు. లాకు దగ్గరికి వచ్చిన పడవ ఆగాలి. తలుపులు మూసి నీటిమట్టం సమం చేసేదాకా సరుకుకూ మనిషికీ ఒకటే నిరీక్షణ. దూరప్రయాణపు శ్రమకు ఈ ఊళ్ళో ఉన్న పాత చిరునామా అది.

రైలు, ఆ తరువాత రోడ్డు ఆ పడవలను కాలువల్లోంచి తొలగించాయి. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ నీటికి అడ్డుకట్ట కావడంతోపాటు రెండు తీరాలను కలిపే దారి కూడా అయింది. ఊరికి దగ్గరలోనే వేమగిరి, కడియపులంకల మీదుగా చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి పోతుంది. ఒకప్పుడు 5వ నంబరుగా తెలిసిన ఆ దారి 2010లో వచ్చిన కొత్త సంఖ్యల ప్రకారం 16వది. డ్రైవర్ల సంభాషణలో దానికి నంబరు అవసరం లేదు. అది 'లైను'.

ఈ మాట మీద కొంత ఆగవలసి ఉంది. రేవు అంటే ఒక చోటు. ఎక్కడానికి, దిగడానికి, స్నానానికి, పలకరింపుకు, తగవుకు కూడా చోటు. లైను చోటు కాదు. ఒక మనిషి 'లైను మీద ఉన్నాడు' అని ఇంట్లోవాళ్ళు చెప్పినప్పుడు అతడు ఇంట్లో లేడని మాత్రమే తెలుస్తుంది, ఎక్కడ ఉన్నాడో తెలియదు. రేవులో నిలబడిన పాత్రను కథకుడు వర్ణించగలడు. చుట్టూ ఊరుంది, చెట్టుంది, సాయంకాలం ఉంది. లైను మీద ఉన్న పాత్రను వర్ణించాలంటే కథకుడు కూడా లారీ ఎక్కాలి. గోదావరి కథకులు రేవునే ఎక్కువగా ఎంచుకోవడానికి నది మీది మమకారంతో పాటు ఈ కథన సౌలభ్యం కూడా కారణమని భావించవచ్చు.

2. బల్లకట్టు, లారీ: 'సాక్షి'లో రెండు వాహనాలు

గోదావరి నేపథ్యంలోని తెలుగు చిత్రాల్లో పడవవాడికి దక్కిన ఆదరం 1964 నాటి 'మూగమనసులు'తోనే స్థిరపడింది. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు ధరించిన పడవ నడిపే గోపి పాత్రలో సేవ, విధేయత, వాచ్యం కాని ప్రేమ ఒక్కటై నిలిచాయి. మూడేళ్ళ తరువాత వచ్చిన 'సాక్షి'లోనూ కథానాయకుడు నీటిమీది మనిషే. కృష్ణ పోషించిన ఆ పాత్ర బల్లకట్టు నడుపుకునే అమాయకుడు, పిరికివాడు. జగ్గారావు పోషించిన ప్రతినాయకుడు లారీ డ్రైవరు. హత్యను కళ్ళారా చూసిన బల్లకట్టువాడు న్యాయస్థానంలో సాక్ష్యం చెప్తాడు. శిక్ష పడిన హంతకుడు పగతో తిరిగి వస్తాడు. ఊరు తలుపులు మూసుకుంటుంది. చివరికి ఆ పిరికివాడే ఎదురు తిరుగుతాడు. ఈ చిత్రం గురించిన చర్చల్లో 'హై నూన్' (1952) ప్రభావం తరచు ప్రస్తావనకు వస్తుంది. సాక్ష్యం, సామూహిక పిరికితనం, ఒంటరి ధైర్యం అనే అంశాల మీద వచ్చిన వ్యాఖ్యానం సమంజసమైనదే. వాహనాల మీదకు మాత్రం దృష్టి అంతగా పోలేదు.

బల్లకట్టు రెండు గట్ల మధ్య తిరిగే వాహనం. దాని దారి ముందే నిర్ణయమై ఉంది. అటు పోయినది ఇటు రాక తప్పదు. దాన్ని నడిపేవాడు ఊరి మనుషులందరినీ దాటిస్తాడు కాబట్టి అందరికీ తెలిసినవాడు. అందరికీ తెలిసినా ఎవరికీ లెక్కలో లేనివాడు. సాక్షి కావడానికి కావలసిన మొదటి అర్హత ఒకచోట ఉండడం. బల్లకట్టువాడికి ఆ అర్హత వృత్తిరీత్యానే ఉంది. అతడు పారిపోలేకపోవడంలో పిరికితనం ఎంత ఉందో, ఆ వాహన స్వభావం కూడా అంతే ఉంది. లారీ ఇందుకు పూర్తి విరుద్ధం. ఊరి పొలిమేర దాటగల శక్తి, ఇంజను బలం, చక్రాల కింద నలిపే బరువు దానివి. ప్రేక్షకుడికి డ్రైవరు స్వభావాన్ని పరిచయం చేయడానికి వేరే సన్నివేశం అవసరం లేకుండా లారీయే ఆ పని కొంత చేసిపెడుతుంది.

ఇక్కడ రచయిత పుట్టిన ఊరిని గుర్తుచేసుకోవడం అప్రస్తుతం కాదు. ముళ్ళపూడి 1931లో ధవళేశ్వరంలో జన్మించారు. చిత్రీకరణ జరిగిన పులిదిండి ఆత్రేయపురం ప్రాంతానిది, ధవళేశ్వరానికి ఎంతో దూరం కాదు. 1960ల నాటికి డెల్టా గ్రామాల్లోకి లారీ కొత్తగా వస్తున్న బలం. పాత వాహనాన్ని నమ్ముకున్న మనిషి పక్షాన నిలబడి కొత్త యంత్రాన్ని ప్రతినాయకత్వానికి అప్పగించడం ఆ కాలపు భారతీయ చిత్రాల్లో వింత కాదు. బి.ఆర్. చోప్రా తీసిన 'నయా దౌర్' (1957)లో టాంగాకు బస్సు ఎదురు నిలిచింది. అయితే రెంటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. హిందీ చిత్రంలో బస్సును తెచ్చినవాడు యజమాని; సంఘర్షణ పెట్టుబడికీ శ్రమకూ మధ్య. 'సాక్షి'లో లారీ నడిపేవాడూ కూలిమనిషే. సంఘర్షణ ఇద్దరు శ్రామికుల మధ్య, రెండు రవాణా వృత్తుల మధ్య జరిగింది. లారీ ఎవరిదన్న ప్రశ్న ప్రేక్షకుడి మనసులోకి రాదు. డ్రైవరే లారీ అయిపోయాడు.

ఈ తీర్పును చిత్రమే కొంత సడలించింది. హంతకుడి చెల్లెలు (విజయనిర్మల) బల్లకట్టువాడిని ప్రేమించింది. అంటే లారీ డ్రైవరుకు కూడా ఊళ్ళో ఇల్లుంది, చెల్లెలుంది, ఆమె పెళ్ళి అనే బాధ్యత ఉంది. కథ ఆ ఇంటి వైపు మరికొంత నడిచి ఉంటే డ్రైవరు జీవితానికి తెలుగు తెరమీద ఒక గంభీరమైన ఆరంభం దొరికేది. అలా జరగలేదని రచయితను తప్పుపట్టడం న్యాయం కాదు; ఆయన కథ వేరు. తరువాతి వాళ్ళు కూడా ఆ తలుపు తీయకపోవడమే ఆలోచించవలసిన విషయం.

బల్లకట్టువాడికీ లారీవాడికీ మధ్య ఈ చిత్రం గీసిన గీత ధవళేశ్వరం ఇసుక ర్యాంపుల దగ్గర నిలబడదు. నది మధ్యకు పడవల్లో వెళ్ళి, నీటిలో మునిగి బకెట్లతో ఇసుక తోడి, ర్యాంపుకు తెచ్చే పడవ కార్మికులూ, అక్కడ లోడు కోసం వరుసలో నిలిచే లారీ డ్రైవర్లూ ఒకే సరుకు మీద బతుకుతున్నారు. వరద వస్తే ఇద్దరికీ పని లేదు. ఇసుక విధానం మారితే ఇద్దరికీ పని లేదు. 'సాక్షి' ఎదురెదురుగా నిలిపిన రెండు వృత్తులు ఒకే గట్టు మీద భుజం భుజం కలిపి నిరీక్షిస్తున్నాయి.

3. కథానాయకుడు ఎక్కిన లారీ

ప్రతినాయకుడి వాహనాన్ని కథానాయకుడు అందుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1979లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో ఎన్.టి. రామారావు 'డ్రైవర్ రాముడు'గా, 1990లో బి. గోపాల్ దర్శకత్వంలో బాలకృష్ణ 'లారీ డ్రైవర్'గా తెరమీదికి వచ్చారు. ఖాకీ చొక్కా, మెడలో రుమాలు, దారి తప్పిన పెద్దమనుషులకు బుద్ధి చెప్పే చేయి ఈ పాత్రల సామగ్రి. వృత్తి ఇక్కడ ఒక వేషం. ఎన్ని గంటలు నడిపాడు, ఎక్కడ నిద్రపోయాడు, బత్తా ఎంత, తిరుగు లోడు దొరికిందా అన్న ప్రశ్నలు ఇలాంటి కథల గమనాన్ని నిర్ణయించవు. డ్రైవరును దుర్మార్గుడిగా చూపడం ఎంత సులభమో వీరుడిగా చూపడమూ అంతే సులభమని ఈ వర్గం చిత్రాలు నిరూపించాయి. రెండు సందర్భాల్లోనూ పని కనిపించలేదు.

కవిత్వం వేరే దారి చూపించి ఉండవలసింది. పల్లకీలో కూర్చున్నవాడిని వదిలి దాన్ని మోసినవాళ్ళ గురించి అడిగిన శ్రీశ్రీ 'దేశచరిత్రలు' రవాణా శ్రామికుడిని చరిత్ర ప్రశ్నగా మార్చింది. తణుకు ప్రాంతపు కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ 'తపాలా బంట్రోతు'లో ఉత్తరాలు పంచే మనిషి జీవితం వైపు చూపు తిప్పారు. ఇతరుల సరుకును, ఇతరుల వార్తను మోసే మనిషికి తనదైన జీవితం ఒకటుందన్న ఎరుక తెలుగు కవిత్వానికి కొత్త కాదు. ఆ ఎరుక లారీ క్యాబిన్ దాకా ప్రయాణించిన సందర్భాలను వెతికి, సేకరించి, కాలక్రమంలో పెట్టడం పరిశోధకుల ముందున్న పని.

4. లోడు, కాలం, నిరీక్షణ

డ్రైవరు వృత్తిని గురించి బయటివారికి ఉండే ఊహ వేగం. ఆ వృత్తిలోని అసలు అనుభవం కాలం. డెల్టాలో బయలుదేరే లోడులను గమనిస్తే ఒక్కొక్క సరుకూ డ్రైవరు మీద ఒక్కొక్క రకమైన కాలాన్ని విధిస్తుందని తెలుస్తుంది.

కడియం, కడియపులంక, బుర్రిలంక నర్సరీల నుంచి దేశం నలుమూలలకు మొక్కలు లారీల్లో పోతాయి. ఇది ప్రాణమున్న లోడు. ఎండ, వేడిగాలి, ఎక్కువసేపు ఆగిపోవడం దానికి శత్రువులు. మీద నెట్టు కట్టాలి, దారిలో నీళ్ళు చల్లించాలి. వేర్ల దగ్గర మట్టి తడి ఆరకుండా చేర్చాలి. డ్రైవరు ఇక్కడ సగం తోటమాలి. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు నుంచి హౌరాకు, అస్సాంకు పోయే చేపల లోడు సంగతి వేరు. పెట్టెల్లో చేపల మధ్య నింపిన ఐసే దాని గడియారం. ఐసు కరిగే వేగానికీ చక్రం తిరిగే వేగానికీ మధ్య పందెం వెయ్యి కిలోమీటర్లకు పైచిలుకు సాగుతుంది. తుని, విశాఖపట్నం, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం దాటి ఒడిశా మొత్తం పొడవునా పరుగు. మార్కెట్టు వేళకు చేరకపోతే సరుకు ధర పడిపోతుంది. ఆ నష్టం గురించిన మాటలు మొదట పడేది డ్రైవరు మీదనే. అంబాజీపేట కొబ్బరి ఇంత తొందర పెట్టదు. దాని కష్టం బరువు, తాళ్ళు బిగించడం, చేరిన చోట దించేవాళ్ళ కోసం కాచుకోవడం. ఇక ధవళేశ్వరం ఇసుకకు దూరం తక్కువ, వంతులు ఎక్కువ. రోజుకు ఎన్ని ట్రిప్పులన్నదే అక్కడ లెక్క.

హెన్రీ జార్జ్ క్లూజో 1953లో తీసిన ఫ్రెంచి చిత్రం 'వేజెస్ ఆఫ్ ఫియర్'లో పేలుడు పదార్థాన్ని మోసుకుపోయే ట్రక్కులున్నాయి. అందులో కథను నడిపేది లోడు స్వభావమే. కుదుపు ప్రతి క్షణాన్నీ నిర్ణయిస్తుంది. డెల్టా లారీల్లో పేలేదేమీ లేదు. ఐసు కరగడం, మొక్క వాడిపోవడం మాత్రం ఉంది. ఇంత సహజమైన కథన యంత్రం చేతికి అందుబాటులో ఉండగా తెలుగు చిత్రకథలు డ్రైవరు ఉత్కంఠను పిడిగుద్దుల్లో వెతుక్కోవడం విచారకరం.

వేగం కన్నా ఎక్కువ కాలం తినేది ఆగడం. లోడు దొరికేదాకా ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు, కాటా దగ్గర వరుసలో, దించేచోట కూలీల కోసం, ఊళ్ళోకి భారీ వాహనాలను వదలని పగటివేళల్లో ఊరి బయట, అన్నిటికన్నా తిరుగు లోడు కోసం పరాయి ఊళ్ళో. ఖాళీ బండితో తిరిగి వస్తే యజమానికి డీజిలు నష్టం. అందువల్ల డ్రైవరు ఆగుతాడు. భాష తెలియని ఊళ్ళో రెండు రోజులు, మూడు రోజులు బండి నీడలోనే స్నానం, వంట, నిద్ర. 2017లో వస్తుసేవల పన్ను వచ్చిన తరువాత రాష్ట్ర సరిహద్దుల్లోని వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు తొలగిపోవడం దారి మధ్య నిరీక్షణను తగ్గించింది. లోడింగు, దించడం దగ్గరి నిరీక్షణకు ఏ పన్ను సంస్కరణా మందు కాదు. ఆగిన గంటలకు కూలి లెక్క ఉండదు. జీతం ట్రిప్పును బట్టి, కిలోమీటరును బట్టి కట్టేచోట కదలని చక్రానికి విలువ సున్న.

పడవవాడి నిరీక్షణను కవులు అందంగా చూపగలిగారు; నది ఉంది, పొద్దు ఉంది, పాట ఉంది. లారీవాడి నిరీక్షణకు అలాంటి నేపథ్యం లేదు. డీజిలు మరకలున్న మట్టి, పట్టా నీడ, పక్క బండివాడితో పేకాట. సౌందర్యదృష్టి ఇక్కడ అడ్డుపడిందా అని విమర్శ తనను తాను ప్రశ్నించుకోవలసి ఉంటుంది. గోదావరి అందం గోదావరి గట్టు మీది శ్రమను చూడనివ్వని సందర్భాలు ఇదొక్కటే కాదు.

నిద్ర ఈ వృత్తిలోని కేంద్ర సమస్య. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనిని పరిమితిగా పెట్టింది. దూరప్రయాణాల్లో అనుమతితో రోజుకు 10, వారానికి 54 గంటల దాకా ఒప్పుకుంది. కానీ అది అయిదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. ఒకటి రెండు బండ్లున్న యజమాని దగ్గర పనిచేసేవాడికి ఆ గంటలు కాగితం మీదైనా లేవు. ఆ చట్టం తరువాత 2020 నాటి వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో కలిసిపోయింది. ఇద్దరు డ్రైవర్లుంటే ఒకరు నడుపుతుండగా మరొకరు పడుకుంటారు. దాన్ని నిద్ర అనడం కష్టం. కుదుపులో, హారన్ల మధ్య, ఇంజను వేడి పక్కన కన్ను మూతపడడం అది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు వాహనాల క్యాబిన్లకు ఎయిర్ కండిషనింగ్ తప్పనిసరి చేస్తూ 2023 డిసెంబరులో కేంద్రం ప్రకటన ఇచ్చింది. ఇప్పటికే దారుల మీద ఉన్న పాత బండ్లకు అది వర్తించదు. కొత్త బండి తేలికగా కొనలేని చిన్న యజమాని డ్రైవరుకు వేసవి యథాతథం.

2015 జూన్‌లో తిరుపతి యాత్ర ముగించుకుని విశాఖ జిల్లాకు తిరిగిపోతున్న వాహనం ఒకటి రాత్రివేళ ధవళేశ్వరం బ్యారేజీ మీదినుంచి కిందికి పడిపోయి 22 మంది చనిపోయారు. అది లారీ కాదు, కారణ నిర్ణయం సాహిత్య విమర్శ చేయదగిన పనీ కాదు. అయిదువందల కిలోమీటర్లకు పైబడిన దారిని రాత్రింబగళ్ళు దాటించే మనిషి శరీరం గురించి మాట్లాడుకోవడానికి ఇలాంటి మరణాలు అవసరమవుతున్నాయన్నది మాత్రం గమనించదగినది. మిగిలిన రోజుల్లో ఆ శరీరం సాహిత్యానికీ వార్తకూ ఒకేలా కనిపించదు.

కనిపించిన మరో సందర్భం ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమాలు. దూరప్రయాణ ట్రక్కు డ్రైవర్లను ఆ కార్యక్రమాల పరిభాష 'బ్రిడ్జ్ పాపులేషన్' అన్నది. ముప్పు ఎక్కువగా ఉన్న సమూహాలకూ సాధారణ జనానికీ మధ్య వంతెన అని భావం. ఆరోగ్య ప్రణాళికకు ఆ వర్గీకరణ ఉపయోగపడి ఉండవచ్చు. క్లినిక్కులు, పరీక్షలు, సలహాలు దారి పక్కకు వచ్చాయి. కథనపరంగా అది డ్రైవరును మరోసారి హాని మోసుకొచ్చేవాడిగా నిలిపింది. 'సాక్షి' లారీకి అంటగట్టిన ప్రమాదం ఇప్పుడు దేహానికి అంటుకుంది. ఇంటికి దూరంగా నెలల తరబడి ఉండవలసిన స్థితి ఎవరు సృష్టించినదన్న ప్రశ్న రెండు చోట్లా వెనకబడింది.

5. బండి మీది రాత ఎవరిది?

లారీల మీది రాతలను జానపద వాఙ్మయంగా, డ్రైవర్ల కవిత్వంగా చదవడం ఒక అలవాటుగా మారింది. ఆ పఠనంలో ఒక తొందరపాటు ఉంది. ముందుభాగంలో దేవుడి పేరో, 'అమ్మ దీవెన' వంటి మాటో, పిల్లల పేర్లో ఉంటాయి. వెనుక 'సౌండ్ హారన్', 'స్టాప్', పక్కన పర్మిట్ వివరాలు. ఎక్కడో ఒకచోట 'నన్ను చూసి ఏడవకు' అన్న సవాలు. ఈ రాతల్లో మూడు చేతులున్నాయి. పర్మిట్, బరువు, యజమాని పేరు చట్టం రాయించినవి. దేవుడు, తల్లిదండ్రులు, పిల్లల పేర్లు యజమాని రాయించినవి. అక్షరాల వంపు, తామరపువ్వు, నెమలి బొమ్మ, రంగుల కూర్పు విజయవాడ ఆటోనగర్ వంటి బాడీబిల్డింగ్ కేంద్రాల్లోని పెయింటరువి. జీతానికి నడిపే డ్రైవరు పిల్లల పేర్లు ఆ బండి మీద ఉండవు. యజమాని పిల్లల పేర్లను నుదుటి మీద మోస్తూ అతడు దేశమంతా తిరుగుతాడు. యజమానే డ్రైవరు అయినచోట ఈ లెక్క మారుతుంది. అందువల్ల రాతను వ్యాఖ్యానించేముందు బండి ఎవరిదని అడగడం పరిశోధకుడి కనీస బాధ్యత.

హారన్ మొయ్యమని వెనకవాడిని కోరే మాటకు కూడా ఒక చరిత్ర ఉంది. 'హారన్ ఓకే ప్లీజ్' అన్న రాతను మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో శబ్దకాలుష్యం కారణంగా నిషేధించింది. అది అలంకారం కాదని, పనిలో భాగమని ఆ నిషేధం పరోక్షంగా ఒప్పుకున్నట్లయింది. వెడల్పు చాలని దారుల్లో, వెనుక చూపు అందని బండ్లలో డ్రైవరు చెవితో కూడా నడిపేవాడు. ఆ రాత వెనకవాడికి చేసిన విన్నపం.

డ్రైవరుదైన రాత కావాలంటే క్యాబిన్ లోపలికి చూడాలి. అద్దం దగ్గర అతికించిన ఫొటో, వేలాడే దండ, తువ్వాలు ఆరేసిన తాడు, సీటు వెనుక గిన్నెల సంచి, ఫోను నిలిపే చోటు. ఇవి అక్షరాలు కావు. ఎవరు ఎంతకాలంగా ఈ బండిలో బతుకుతున్నారో చెప్పే ఆనవాళ్ళు. బండి మారితే సంచిలో సర్దుకుపోయేవి. మాటగా చూస్తే డ్రైవరుకూ క్లీనరుకూ మధ్య సాగేది మరో పాఠం. క్లీనరుగా చేరి, టైర్లు తట్టి చూడడం, పట్టా కట్టడం, వెనక్కు తీసేటప్పుడు అరిచి దారి చెప్పడం నేర్చుకుని, రాత్రి ఖాళీ దారిలో మొదటిసారి స్టీరింగు పట్టడం వరకు సాగిన పాత శిష్యరికంలో బోధన అంతా నోటిమాటే. ఖర్చు తగ్గించుకోవడానికి యజమానులు క్లీనరు లేకుండా బండి పంపే పద్ధతి పెరిగేకొద్దీ ఆ మౌఖిక పరంపర తెగిపోతున్నది. పడవ పాటలను సేకరించిన శ్రద్ధతో దీన్ని కూడా రికార్డు చేయవలసిన సమయం ఇదే. పదేళ్ళు ఆగితే చెప్పేవాళ్ళు ఉంటారు, వినేవాడు క్యాబిన్‌లో ఉండడు.

6. సాక్ష్యం చెప్పవలసినవాడు

భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను రెండవ ఉపవిభాగం 'సాక్షి' కథను ఊహించని విధంగా తిరగేసింది. నిర్లక్ష్యంగా బండి నడిపి మరణానికి కారణమైనవాడు, ఆ సంగతిని వెంటనే పోలీసు అధికారికో మేజిస్ట్రేటుకో తెలియజేయకుండా పారిపోతే పదేళ్ళ దాకా శిక్ష అని అది చెప్తుంది. పాత శిక్షాస్మృతి 304ఎ సెక్షనులో గరిష్ఠ శిక్ష రెండేళ్ళు. 2024 జనవరి మొదటి రోజుల్లో దేశమంతటా డ్రైవర్లు బండ్లు ఆపారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు వరుసలు పెరిగాయి. సంహిత ఆ ఏడాది జూలై 1 నుంచి అమలులోకి వచ్చినా ఈ ఉపవిభాగాన్ని మాత్రం అప్పుడు పక్కన ఉంచారు.

డ్రైవర్ల వాదన శిక్ష పరిమాణానికి మాత్రమే సంబంధించినది కాదు. ప్రమాదం జరిగిన చోట ఆగితే గుంపు కొట్టి చంపుతుందన్న భయం అందులో ప్రధానం. మరణించినవారి కుటుంబాల వైపు నుంచి చూస్తే పారిపోవడాన్ని సమర్థించడం కష్టం. క్షతగాత్రుడిని దారిమీద వదిలిపోయిన ప్రతి నిమిషం ఒక ప్రాణం ఖరీదు కావచ్చు. చట్టం ఆ నిమిషాన్ని దృష్టిలో పెట్టుకున్నదనడంలో సందేహం లేదు. కానీ అది కోరుతున్నది సాక్ష్యం. తన మీద తానే, అపరిచితమైన ఊళ్ళో, కోపంతో ఉన్న గుంపు మధ్య, తెలియని భాషలో చెప్పవలసిన సాక్ష్యం. 1967లో సాక్ష్యం చెప్పినవాడికి సొంత ఊరే తలుపు తీయలేదు. ఆ ఊరి పిరికితనాన్ని నిరసించిన ప్రేక్షకుడు ఇప్పటి డ్రైవరు ముందు ఏ ఊరి తలుపు తెరిచి ఉందో కూడా చూడాలి. 'సాక్షి'లోని నైతిక ప్రశ్నను నిజాయితీగా పొడిగిస్తే అది ప్రతినాయకుడి సీటు దాకా చేరుతుంది.

పారిపోయేవారందరూ భయంతోనే పోతారని చెప్పలేము. మద్యం తాగి నడిపినవారు, తప్పు తెలిసే తప్పించుకున్నవారు ఉన్నారు. డ్రైవరు పట్ల సానుభూతితో రాసే కథ ఈ వాస్తవాన్ని దాటవేస్తే అది 'డ్రైవర్ రాముడు' వేషానికి మరో రూపం మాత్రమే అవుతుంది. దోషం చేయగల మనిషిగా, దాన్ని తలచుకుని నిద్రపట్టని మనిషిగా అతణ్ణి చూపగల కథ ఇంకా బలమైనది.

ఈ సందర్భంలో పరిశీలించదగిన కొత్త పాఠ్యం ఫోను కెమెరా. ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదో చూపడానికి డాష్‌బోర్డు మీద కెమెరా బిగించుకోవడం బండ్లలో పెరుగుతున్నది. దాదాపు అదే కోణం నుంచి, అదే అద్దం వెనుకనుంచి, కొందరు డ్రైవర్లు తమ ప్రయాణాలను వీడియోలుగా తీసి అందరికీ చూపుతున్నారు. తెలుగులోనూ ఇవి వస్తున్నాయి. వీటిలో చాలాభాగం చూడడానికి విసుగు పుట్టించేవే. దారి, దారి, మళ్ళీ దారి. ఆ విసుగే వీటి విలువ. సినిమా కత్తిరించి పారేసిన కాలం ఇందులో యథాతథంగా ఉంది. లోడు ఎంత, కిరాయి ఎంత, టోలుకు ఎంత పోయింది, ఎన్ని గంటలు గేటు బయట నిలిపారు అన్నవి డ్రైవరు తన యాసలో చెప్పుకుపోతాడు. మధ్యమధ్య ఇంటి నుంచి ఫోను వస్తే రికార్డింగు ఆగిపోతుంది; మళ్ళీ మొదలయ్యేసరికి దారి పక్క వెలుగు మారి ఉంటుంది. ఆ ఖాళీలో ఏం మాట్లాడుకున్నారో చూసేవారికి తెలియదు. నడుస్తున్నంతసేపూ కెమెరా రోడ్డునే చూస్తుంది, మనిషి గొంతు మాత్రమే వినిపిస్తుంది. బండి పక్కకు తీసి, స్టవ్వు వెలిగించి, బియ్యం కడగడానికి నీళ్ళ డబ్బా వంచినప్పుడు కెమెరా మొదటిసారి వెనక్కు తిరిగి అతని ముఖాన్ని చూపుతుంది.